పెట్టెలో మిగిలే సగం

ఒక చుక్క బంగారం ఉన్న రాతిని నిలువునా రెండు సగాలుగా కోస్తే, ఆ చుక్క ఏ సగంలోకి పోతుంది?

ప్రశ్న చిన్నదే. దీని మూలాన నాకు ఇరవై రెండు రోజులు అన్నం సయించలేదు. నన్నెరిగినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. అప్పట్లో నా బరువు ఎనభై ఏడు కిలోలు.

నేనప్పుడు బంగారం వెతికే కంపెనీవాళ్ల పాలగుట్ట క్యాంపులో ఉండేవాణ్ణి. కర్నూలు నుంచి మూడు గంటలు బస్సు. బస్సు ఇక నావల్ల కాదని ఆగిపోయిన చోటి నుంచి ఇంకో గంట జీపు. ఆ జీపు తోలేది నేనే.

డ్రైవరుకు రాళ్ల సంగతి ఎట్లా తెలుసని మీరడగొచ్చు. చదువుకున్నవాళ్లకు ఒక నమ్మకం ఉంది, డ్రైవరుకు చెవులుండవని. ఆరేళ్లు నా వెనక సీట్లో కూర్చుని పెద్ద పెద్ద జియాలజిస్టులు పోట్లాడుకున్నారు. ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి, జీపులో మాత్రం బాగానే చదువుకున్నాను.

వాళ్ల పోట్లాటల్లోంచి నాకు తెలిసింది ఇదీ. చుట్టూ ఎర్ర గ్రానైటు. దాని మధ్యలో సన్నగా ఒక పట్టీ, ముప్పై కిలోమీటర్ల పొడవు, రెండు దాటని వెడల్పు. దాన్ని పచ్చరాళ్ల పట్టీ అంటారు. ఆ పచ్చదనం జియాలజిస్టులకే కనబడుతుంది, ఊళ్లోవాళ్లకది నల్లరాయి. రెండొందల డెబ్భై కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున గడ్డకట్టిన లావా అది. తర్వాత నేల నలిగి, పగుళ్లిచ్చి, ఆ పగుళ్లలో పైకొచ్చిన వేడినీళ్లు తెల్లటి పలుగురాయినీ, దాంతోపాటు కాసింత బంగారాన్నీ వదిలిపోయాయట. సముద్రం అడుగు అన్న మాట విని నేను చాలా ఆలోచించాను. మా క్యాంపుకు తాగేనీళ్లు పదమూడు కిలోమీటర్ల నుంచి ట్యాంకరులో వచ్చేవి.

ఆ కాసింత కోసం చాలామంది వచ్చారు. ఎప్పటివాళ్లో, రాతిని మంటతో కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టినవాళ్లు గుట్ట మీద వరసగా గుంతలు వదిలిపోయారు. తెల్లదొరల కంపెనీ ఒకటి రెండొందల అడుగుల బావి తవ్వి, దొరికినంత తీసుకుని పోయింది. డెబ్భైల్లో సర్కారువాళ్లు ఐదు బోర్లు వేసి, రిపోర్టు రాసి పోయారు. అసలు దొరక్కపోతే మళ్లీ ఎవరూ వచ్చేవాళ్లు కారు. బాగా దొరికితే ఎవరూ పోయేవాళ్లు కారు. అందరికీ కొంచెం దొరకడమే ఆ గుట్టతో వచ్చిన చిక్కు.

మా కంపెనీ పదకొండు బోర్లు వేసింది. కొంచెం దొరికింది.

ఇంతలో మా జియాలజిస్టు సింధూర మేడం వేరే దేశంలో మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో ఇంకొకర్ని పెట్టడం దండగనుకుని, హైదరాబాదులో ఉండే మా పెద్దసారు హేమాద్రిగారు ఆమె సుత్తి, భూతద్దం నాకిప్పించారు. అప్పట్నించి క్యాంపులో నన్ను జియాలజిస్టు అనేవాళ్లు, నేను ఎదురుగా ఉన్నప్పుడు. జీపు తోలడం మాత్రం తప్పలేదు.

ఇక దస్తగిరి మామ.

ఆయన రాళ్లు కోసేవాడు. బోరు లోంచి రాయి మొక్కజొన్న కంకంత లావు కడ్డీలుగా వస్తుంది. వాటిని చెక్కపెట్టెల్లో వరసగా పేర్చి, నిలువునా కోసి, సగం ల్యాబుకు పంపుతారు, సగం పెట్టెలోనే ఉంచుతారు. మామ సర్కారువాళ్ల బోర్ల దగ్గర ఇరవై రెండేళ్ల వయసులో పనికి చేరి, అరవై దాటినా అదే పని చేస్తున్నాడు. రోజుకు పది మాటలు మాట్లాడేవాడు, అందులో నాలుగు రంపంతో.

రాళ్ల గురించి ఆయనకు నాలుగు ముక్కలు నేర్పాలని నేను చాలా కష్టపడ్డాను. ఆయన తలూపుతూ వినేవాడు. ఆరేళ్లలో ఎన్నడూ అడ్డం రాలేదు. గురువెవరో శిష్యుడెవరో ఇంత ఘోరంగా తారుమారు చేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

పన్నెండో బోరు నాది.

గుట్ట మీది పాత గుంతల వరస ఒకచోట ఆగిపోతుంది. అక్కడ నేల పడమటికి జరిగిందని, బంగారమున్న పగులు ఆ పక్క జొన్నచేను కింద ఉందని నా అనుమానం. ఒకరోజు జీపు తోలుతూ హేమాద్రిగారికి చెప్పాను. ఆయన కిటికీలోంచి జొన్నచేను చూశారు.

"సరే మద్దిలేటీ, ఆ ఒక్కటీ వేద్దాం," అన్నారు. "అదీ ఖాళీ అయితే క్యాంపు ఎత్తేస్తున్నాం. పైనుంచి ఆర్డరు వచ్చేసింది."

క్యాంపులో ఇరవై ఆరుగురం. బోరు ఖాళీ అయితే ఇరవై ఐదుగురి ఉద్యోగం పోతుంది. నాకైతే ఉద్యోగంతో పాటు జియాలజిస్టుతనం కూడా పోతుంది. సుత్తి తిరిగిచ్చి, మళ్లీ ఎవరి ముందు సీట్లోనో చెవులు లేనట్టు కూర్చోవాలి.

తొంభై ఏడు మీటర్ల లోతున తెల్లటి పలుగురాయి తగిలింది. చారలా కాదు, అరచేయంత మందం. కడిగి, భూతద్దం పెట్టి చూశాను. అంచున, పచ్చరాయికి ఆనుకుని, ఒక పసుపు చుక్క. ఆవగింజలో సగం.

ఇలాంటి చుక్కలు చూసి ఇంతకుముందు మూడుసార్లు సింధూర మేడం చేత నవ్వించుకున్నాను. మూడూ పైరైటు, బంగారంలా మెరిసే ఉత్త ఖనిజం. సూదితో గుచ్చితే పైరైటు పొడి అవుతుంది, బంగారమైతే సొట్టపడుతుంది. జేబులోంచి సూది తీసి గుచ్చాను.

సొట్టపడింది.

కేకలేస్తానని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మెల్లగా ఇసుక బస్తా మీద కూర్చున్నాను.

కొయ్యడానికి ఒక పద్ధతి ఉంది. పెట్టెలోని ముక్కలన్నీ విరిగిన అంచుకు విరిగిన అంచు కలిపి, భూమిలో ఎట్లా ఉన్నాయో అట్లా పేర్చాలి. రాతి పొరలు వాలిన దిక్కును బట్టి, పైనుంచి కిందిదాకా పాపిడి తీసినట్టు ఒకే ఎర్రగీత గియ్యాలి. గీత మీద కొయ్యాలి. కుడి సగం ల్యాబుకు, ఎడమ సగం పెట్టెకు. ఎప్పుడూ అంతే.

ముక్కలు పేర్చి, గీత ఎక్కడ పడుతుందో కంటితో చూశాను. చుక్క ఎడమవైపు పోతుంది.

మళ్లీ చూశాను. ఎడమవైపే.

ల్యాబువాడు రాయిని పిండి చేసి, కరిగించి, టన్నుకు ఇన్ని గ్రాములని చెబుతాడు. చుక్క వాడి సగంలో ఉంటే ముప్పై గ్రాములనవచ్చు. లేకపోతే అరగ్రాము. పెట్టెలో ఉన్న సగం గురించి వాణ్ణెవడూ అడగడు.

సాయంత్రం అయిదున్నర. షెడ్డులో ఎవరూ లేరు. ఆ ముక్క జానెడు ఉంటుంది. దాన్ని వరసలోంచి తీసి, చుక్క కుడివైపు వచ్చేలా సగం తిప్పి, మళ్లీ పెట్టాను. ఎర్ర పెన్సిలుతో గీత గీశాను.

ఇందులో అబద్ధమేముంది అని నన్ను నేను అడిగాను. బంగారం నేను తెచ్చి పెట్టానా? రాతిలో ఉన్నదే. అటున్నదాన్ని ఇటు తిప్పాను, అంతే. ఇరవై ఆరు కుటుంబాల కోసం. లాయరుగా పుట్టాల్సినవాణ్ణి డ్రైవరుగా పుట్టానని అప్పుడనిపించింది. వాదన అంత బాగుంది.

దస్తగిరి మామ లోపలికొచ్చాడు.

"ఇరవై నాలుగో పెట్టె మూత ఎయ్యలేదే," అన్నాడు.

రోజూ సాయంత్రం పెట్టెలన్నిటికీ మూతలు వేసి కొక్కేలు తగిలించాలి. కోతులొచ్చి ముక్కలెత్తుకుపోతాయి. వాటితో ఏం చేసుకుంటాయో తెలియదు, బహుశా అవి కూడా ఒక రిపోర్టు రాస్తాయి.

మామ మూత తీసుకుని పెట్టె మీద పెట్టాడు. నొక్కాడు. ఒక మూల లేచింది. ఆ మూల నొక్కితే ఇంకో మూల లేచింది. మూత తీసి, పెట్టెలోకి చూశాడు. నేను షెడ్డు కప్పు వైపు చూశాను.

"నాకు చేత కాలేదప్పా," అన్నాడు మామ. "నువ్వు ఏసి పెట్టు. నేను నమాజు చేసుకోని వస్తా."

భుజం మీది గుడ్డ తీసి, బకెట్లో ముంచి, పిండి, పెట్టె పక్కన పెట్టాడు. వెళ్లిపోయాడు.

ఆ తడిగుడ్డ ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు నటించడానికి అక్కడ ఎవరూ లేరు, అయినా నటించాను.

మూత పెట్టి రెండు చేతులా నొక్కాను. పడలేదు. తిప్పిన ముక్క విరిగిన అంచులు పక్క ముక్కల అంచులతో కలవడం లేదు. ఎత్తు మీద ఎత్తు, గుంత మీద గుంత. వరస వేలెడు పొడుగై, మధ్యలో పైకి లేస్తోంది. లోతు రాసిన చెక్కబిళ్ల తీసేశాను. అప్పుడూ పడలేదు. ఎనభై ఏడు కిలోలు ఇన్నాళ్లకు పనికొచ్చాయనుకుని మూత మీద కూర్చున్నాను. కింద చెక్క కిర్రుమంది. రాయి మాత్రం ఏమీ అనలేదు.

పక్క గదిలోంచి మామ నమాజు గొణుగుడు మెల్లగా వినబడుతోంది. ఆయన వచ్చేలోపు అంచు కాస్త సుత్తితో కొట్టి చదును చేస్తే సరిపోతుంది. సుత్తి కూడా తీశాను.

సింధూర మేడం సుత్తి అది. దాని పిడి మీద నా పేరు నేనే రాసుకున్నాను.

ఆ పేరు చదువుకున్నాను. తర్వాత సుత్తి కింద పెట్టి, ముక్కను సగం తిప్పాను. పైముక్కతో, కిందిముక్కతో అంచులు కలిసి టక్కుమని కూర్చుంది. తడిగుడ్డతో ఎర్రగీత తుడిచాను. కొత్తగీత గీశాను. పైనుంచి కిందికి ఒకటే పాపిడి. చుక్క ఎడమవైపు. బిళ్ల పెట్టాను. మూత దానంతటదే పడింది.

మామ వచ్చి కొక్కెం తగిలించాడు. పెట్టె తెరిచి చూడలేదు.

"పుస్తకంలో రాసినావా?" అన్నాడు.

"ఏం రాసేది మామా?"

"సూసినావు గదా."

అప్పుడు తెలిసింది. చుక్కను ల్యాబుకు పంపే తంటాలో పడి, చుక్క కనబడిందన్న మాటే, బోర్లో కనబడిందల్లా రాసే లాగ్ పుస్తకంలో రాయలేదు. రాస్తే ఏ వైపో కూడా రాయాలి. అక్కడే కూర్చుని రాశాను: 97.40 మీటర్లు, కంటికి కనిపించే బంగారం, ఒక చుక్క, ఎడమ సగం.

మర్నాడు పొద్దున మామ ఆ ముక్కను కోశాడు. రంపం కింద నీళ్లు పాలలా కారాయి. కుడి సగం గుడ్డసంచిలోకి, ఎడమ సగం పెట్టెలోకి. మిగతా ముక్కల్లాగే కోశాడు, అంతే సేపు.

ఆ తర్వాత ఇరవై రెండు రోజులు. ఎదురుచూపు నన్ను నాలుగు కిలోలు తగ్గించింది, డాక్టర్లకు చేతకాని పని. రోజుకు ఏడుసార్లు ఇరవై నాలుగో పెట్టె తెరిచి, భూతద్దంతో చుక్కను చూసి, మూసేవాణ్ణి. అది ఉన్నచోటే ఉండేది. ఒక్కోసారి కుడి సగంలో కంటికి కనబడనిది ఇంకేదైనా ఉండి ఉంటుందనుకునేవాణ్ణి. ఒక్కోసారి, ఒక్క తిప్పు తిప్పి ఉంటే ఏం పోయేది అనుకునేవాణ్ణి. వంటాయన నా కంచంలో మిగిలింది చూసి, ఉప్పెక్కువైందా అని అడిగేవాడు.

ఇరవై రెండో రోజు హేమాద్రిగారు ఫోన్ చేశారు. సిగ్నలు కోసం నేను నీళ్ల ట్యాంకరు ఎక్కి మాట్లాడాను.

"పాయింట్ ఆరు, మద్దిలేటీ," అన్నారు. టన్నుకు అరగ్రాము, ఆపైన కాస్త.

"సార్, పుస్తకంలో రాశాను. చుక్క ఉంది. ఎడమ సగంలో."

"చూశాను. నువ్వు చూళ్లేదని నేననడం లేదు. కానీ పైవాళ్లకు ల్యాబు కాగితం కావాలి, చుక్క చూసి ఏరి పంపిన సగాన్ని వాళ్లొప్పుకోరు. నువ్వు..."

ఆయన మంచివాడు. డ్రైవరువి అన్న మాట మింగేశారు. ఫోనులోనే గుటక వినబడింది.

"నెలాఖరుకు సర్దేయండి," అన్నారు.

ట్యాంకరు దిగి, తిన్నగా షెడ్డుకెళ్లాను. జీవితంలో మొదటిసారి దస్తగిరి మామ మీద గొంతు పెంచాను.

"ఒక్క తిప్పు మామా. ఒక్క తిప్పుతో ముప్పై గ్రాములొచ్చేది. ఇంకో పది బోర్లు వేసేవాళ్లు. ఇరవై ఆరుగురిలో నీ కొడుకు కూడా ఉన్నాడు. మూత వెయ్యమని నాకెందుకు చెప్పినావు? నువ్వే ఎట్లాగో నొక్కేసి ఉంటే సరిపోయేది."

మామ నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర ఒక అల్యూమినియం రేకు, చిన్నచిన్న పట్టీలుగా కత్తిరించింది. ఒక్కో పట్టీ మీద మేకుతో, సుత్తితో అంకెలు కొడుతున్నాడు. చుక్కలు చుక్కలుగా. బోరు నంబరు, పెట్టె నంబరు, లోతు. కొట్టిన పట్టీని పెట్టె పక్కన మేకులతో బిగిస్తున్నాడు. పన్నెండు బోర్లు, మూడొందల పెట్టెలు పైనే. పెట్టెల మీద పెయింటుతో నంబర్లు ముందే ఉన్నాయి.

నా అరుపు అయ్యేదాకా ఆగి, ఇంకో పట్టీ తీసుకున్నాడు.

ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"పెయింటు ఉండాది గదా మామా," అన్నాను.

"సర్కారోళ్లదీ పెయింటే. ఎండకు పోయింది. ఏ రాయి యాడిదో తెల్లేదు. ఊళ్లో అరుగులు కట్టుకున్యారు."

"ఆ అయిదు బోర్ల రాళ్లా?"

"బాగుంటాయి అరుగులు," అన్నాడు మామ.

మేకు మీద నాలుగు దెబ్బలు. ఒక సున్నా పూర్తయింది.

"ఖాళీ బోర్ల పెట్టెలక్కూడా కొట్టాల్నా?" అన్నాను. "ఏమీ లేని రాళ్లు."

ఆయన తలూపాడు.

"కంపెనీనే పోతాంది. ఇంక ఇవి ఎవరు చూస్తారు మామా?"

"నమ్మనోడు."

"ఎవర్ని?"

"మనల్నే."

అంతే అన్నాడు. ఇరవై నాలుగో పెట్టెను కాలితో నా వైపు జరిపి, ఒక ఖాళీ పట్టీ, మేకు చేతికిచ్చాడు.

నేను సుత్తి తెచ్చుకున్నాను. పన్నెండు కొట్టాను. ఇరవై నాలుగు కొట్టాను. లోతు దగ్గరికొచ్చేసరికి మేకు జారి, ఏడు కాస్త పక్కకు పోయి ఒకటిలా కనబడింది. తెలిసినవాడికి ఏడని తెలుస్తుంది.

మామ పట్టీ తీసుకుని, వెలుతురుకు పట్టి చూశాడు. వెనక్కి తిప్పి, నున్నగా ఉన్న వైపు పైకి పెట్టి, మళ్లీ నా ముందుంచాడు.

మొదటినుంచి కొట్టడం మొదలుపెట్టాను.